పామిడి దాకా పోవాల్సిన మిసైల్ వెల్దుర్తిలోనే ఎందుకు పడిపోతుంది? సిమ్యులేటర్‌లో ఎయిర్-టు-ఎయిర్ మిసైళ్ల అసలు రేంజ్‌ని మీరే కొలుచుకునే పద్ధతి

అనంతపురంలో ఉండే మా మేనల్లుడు, కర్నూలులో నేను వారానికి రెండు మూడు రాత్రులు డీసీఎస్ వరల్డ్ అనే కంప్యూటర్ యుద్ధవిమాన సిమ్యులేటర్‌లో కలిసి ఎగురుతుంటాం. పోయిన ఎండాకాలం ఒక రాత్రి వాడు ఎఫ్-16 నుంచి నాలుగు ఆమ్‌రామ్‌లు (రాడార్‌తో వెతికే అమెరికా మిసైళ్లు) వరసగా వదిలాడు. ఎత్తు ఐదు వేల అడుగులు. శత్రు విమానం 40 నాటికల్ మైళ్ల దూరంలో, ఎదురుగా వస్తోంది. నాలుగూ సముద్రంలో పడ్డాయి.

"ఏంది మామా ఇది! నూరు కిలోమీటర్లు పోతాదని రాసుండారు గదా. నేను డెబ్బై నాలుగు కిలోమీటర్లకే ఏసినా. ఒకటన్నా తగల్లేదే!"

"ఏ ఎత్తులో ఏసినావు అబ్బీ?"

"ఎత్తుకూ దీనికీ ఏం సంబంధం మామా?"

ఈ ప్రశ్నకు పూర్తి జవాబు దొరకడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఏమేం కొలిచామో, ఏ వరసలో కొలిస్తే త్వరగా అర్థమవుతుందో ఇక్కడ రాస్తున్నాను. మేం వాడేది డీసీఎస్. మీరు ఫాల్కన్ బీఎంఎస్ అనే ఇంకో సిమ్యులేటర్ వాడినా పద్ధతి ఇదే. మీటలు, మెనూలు మాత్రమే మారతాయి.

ముందుగా దూరాలు కళ్ల ముందుకు రావాలి

స్క్రీన్ మీద 60 కి.మీ. అన్నా 20 కి.మీ. అన్నా రెండూ చుక్కలే. అందుకని నేను మేనల్లుడికి మా దారినే కొలబద్దగా ఇచ్చాను. కర్నూలు కొండారెడ్డి బురుజు నుంచి అనంతపురం వైపు మ్యాపు మీద సూటిగా కొలుచుకుంటూ పోండి. వెల్దుర్తి సుమారు 30 కి.మీ., డోన్ 50, ప్యాపిలి 70, గుత్తి 90, పామిడి 110. అన్నీ 44వ నంబరు జాతీయ రహదారి మీది ఊళ్లే. బస్సులో ఎన్నోసార్లు దాటినవే.

భారత్ డైనమిక్స్ తయారుచేస్తున్న మన అస్త్ర మార్క్-1 రేంజ్ 100 కి.మీ. పైమాటే అని ప్రభుత్వం ప్రకటించింది. అంటే బురుజు దగ్గర వదిలితే గుత్తి కోట దాటి పోవాలి. మా జిల్లాలో ఓర్వకల్లు మండలం పాలకొలను దగ్గర డీఆర్‌డీవో పరీక్షా కేంద్రం ఉంది. 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధాన్ని, జూలైలో డ్రోన్ నుంచి వదిలే యూఎల్‌పీజీఎం-వీ3 మిసైల్‌ను అక్కడే పరీక్షించారు. ఆ వార్తలు వచ్చినప్పుడల్లా మా వీధి పిల్లలు అడిగేది ఒకటే: "ఎంత దూరం పోతుంది సార్?" నాకు ఆ ప్రశ్న అంటే ఇష్టం. కానీ దానికి ఒక్క అంకెతో జవాబు లేదు. పత్రికల్లో వచ్చే పెద్ద అంకె చాలా ఎత్తులో, మంచి వేగంతో పోతున్న విమానం నుంచి, ఎదురుగా తిన్నగా వచ్చే టార్గెట్ మీద వేసినప్పటిది. ఆ షరతుల్లో ఒక్కటి తప్పినా పామిడి కాస్తా ప్యాపిలి అవుతుంది. మూడూ తప్పితే వెల్దుర్తి కూడా చేరదు.

సిమ్ (సిమ్యులేటర్)లో దూరాలు నాటికల్ మైళ్లలో, వేగం నాట్లలో కనిపిస్తాయి. 1 నాటికల్ మైలు 1.852 కి.మీ. 600 నాట్లు అంటే సెకనుకు సుమారు 309 మీటర్లు. లెక్కలన్నీ మీటర్లు, సెకన్లలో వేసుకుంటే పని తేలిక. ఈ రెండు అంకెలు కాగితం పైభాగాన రాసిపెట్టుకోండి.

మిసైల్ అంటే వడిసెల రాయి

జొన్న చేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. చెయ్యి తిప్పినంతసేపే రాయికి బలం అందుతుంది. చేతిని వదిలాక అది తనకున్న ఊపుతోనే పోవాలి. మన మిసైల్ మోటారు కూడా ఎక్కువ రకాల్లో పది సెకన్లలోపే కాలిపోతుంది. ఆ కాస్త సమయంలో అది ధ్వని వేగానికి మూడు నాలుగు రెట్లు అందుకుంటుంది. మిగతా దారంతా గాలిని చీల్చుకుంటూ, ఉన్న వేగాన్ని ఖర్చు పెట్టుకుంటూ పోవడమే. రాఫేల్ మోసే మీటియర్ మాత్రం వేరే జాతి. దానిలోని ర్యామ్‌జెట్ (గాలిని పీల్చుకుని మండే ఇంజన్) దారిలో కూడా తోస్తూనే ఉంటుంది. ఇక్కడ చెప్పేది మామూలు రాకెట్ మోటారు మిసైళ్ల సంగతి.

ఖర్చు ఎంత వేగంగా అవుతుందో లెక్క వేద్దాం. ఆమ్‌రామ్, అస్త్ర రెండింటి వ్యాసం 178 మిల్లీమీటర్లు. అంత వ్యాసం ఉన్న ఒక ఊహా మిసైల్ తీసుకుందాం. ఇంధనం కాలిపోయాక బరువు 100 కిలోలు, డ్రాగ్ గుణకం (గాలి ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) 0.5 అనుకుందాం. నిజానికి ఈ గుణకం వేగంతో మారుతుంది, మన అవసరానికి స్థిరంగా ఉంచుదాం. సముద్ర మట్టంలో గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.225 కిలోలు. 6 కి.మీ. ఎత్తులో 0.66. 12 కి.మీ. ఎత్తులో 0.31. సెకనుకు 1000 మీటర్ల వేగంతో పోతున్న ఆ మిసైల్‌ను సముద్ర మట్టంలో గాలి దాదాపు 7,600 న్యూటన్ల బలంతో వెనక్కి నెడుతుంది. అంటే ప్రతి సెకనుకూ వేగంలో 76 మీటర్లు పోతాయి. 12 కి.మీ. ఎత్తులో పోయేది 19 మీటర్లే.

దీని నుంచి నాకు బాగా ఉపయోగపడిన కొలత ఒకటి వస్తుంది. దాన్ని "సగం దూరం" అని పిలుచుకుంటున్నాం. మోటారు ఆగాక ఎన్ని కిలోమీటర్లు పోతే వేగం సగమవుతుందో ఆ దూరం. డ్రాగ్ గుణకం స్థిరంగా ఉన్నంతవరకు ఇది మొదటి వేగం మీద ఆధారపడదు, గాలి సాంద్రత మీదే ఆధారపడుతుంది. మన ఊహా మిసైల్‌కు సముద్ర మట్టంలో 9 కి.మీ., 6 కి.మీ. ఎత్తులో 17 కి.మీ., 12 కి.మీ. ఎత్తులో 36 కి.మీ. ఎత్తు 20 వేల అడుగులు పెరిగినప్పుడల్లా దాదాపు రెట్టింపు.

ఇప్పుడు మేనల్లుడి షాట్ చూడండి. ఐదు వేల అడుగుల్లో సగం దూరం పదిన్నర కి.మీ. మోటారు కాలుతూ 8 సెకన్లలో ఐదారు కి.మీ. పోయింది, వేగం 1100 అందుకుంది అనుకుందాం. ఇంకో పదిన్నర కి.మీ. పోయేసరికి 550. ఇంకో పదిన్నరకు 275. అప్పటికి అది పోయింది మొత్తం 27 కి.మీ., పట్టింది దాదాపు 50 సెకన్లు, టార్గెట్ వేగం కన్నా కూడా నెమ్మదైపోయింది. ఆ 50 సెకన్లలో టార్గెట్ మనవైపు ఇంకో 15 కి.మీ. వచ్చిందనుకున్నా కలిపి 42 కి.మీ. అవుతుంది. వాడు వేసింది 74 నుంచి. మిసైల్‌లో లోపం లేదు, సిమ్‌లోనూ లేదు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాకే వాడు నమ్మాడు.

పరీక్షా మైదానం తయారుచేసుకోవడం

డీసీఎస్ ఉచిత వెర్షన్‌లో కాకసస్ మ్యాపు వస్తుంది కానీ ఆమ్‌రామ్ లాంటివి మోసే విమానాలు రావు. ఎఫ్-16, ఎఫ్/ఏ-18 లాంటివి విడిగా కొనాలి. చాలావాటికి 14 రోజుల ఉచిత ట్రయల్ ఉంటుంది. కొనేముందు ఆ రెండు వారాల్లో ఈ కొలతలన్నీ పూర్తి చేసుకోవచ్చు.

మిషన్ ఎడిటర్ తెరిచి నల్ల సముద్రం మీద, తీరానికి దూరంగా మీ విమానాన్ని గాల్లోనే మొదలయ్యేలా పెట్టండి. టార్గెట్‌గా ఒక ఫైటర్‌ని 120 కి.మీ. దూరంలో, మీకు సూటిగా ఎదురుగా, సెకనుకు 300 మీటర్ల దగ్గరి వేగంతో పెట్టండి. టార్గెట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో రియాక్షన్ టు థ్రెట్ అనే దాన్ని నో రియాక్షన్ చేయండి. మిసైల్‌ను ఏమార్చే చాఫ్, ఫ్లేర్ సున్నా, రాడార్‌ను తికమక పెట్టే జామర్ ఆఫ్. ఇది మరిచిపోతే టార్గెట్ పక్కకు తిరిగిపోతుంది, మీరు కొలిచేది మిసైల్‌ని కాక ఏఐ పైలట్ మూడ్‌ని అవుతుంది. మా మొదటి వారం కొలతల్లో సగం ఇలాగే పారేశాం.

వాతావరణం ప్రతి పరీక్షలోనూ ఒకటే ఉంచండి. గాలి వేగం సున్నా, ఉష్ణోగ్రత 15 డిగ్రీలు. మే నెల కర్నూలు లాగా 42 డిగ్రీలు పెడితే నేల దగ్గర గాలి సాంద్రత దాదాపు 9 శాతం తగ్గుతుంది. సగం దూరం 9 నుంచి 10 కి.మీ. దగ్గరికి జరుగుతుంది. చిన్న తేడాయే, కానీ రెండు పరీక్షలను పోల్చేటప్పుడు తికమక పెట్టడానికి చాలు.

మిసైల్ వదిలాక ఎఫ్6 నొక్కితే కెమెరా మిసైల్ వెంట పోతుంది. వేగం, ఎత్తు అక్కడే చూడొచ్చు. కానీ కళ్లతో చూసి రాసుకోవడం కష్టం, టాక్‌వ్యూ అనే ఫ్లైట్ రికార్డింగ్ ప్రోగ్రామ్ పెట్టుకోండి. దాని స్టార్టర్ వెర్షన్ ఉచితం. ఫ్లైట్ అంతా రికార్డవుతుంది, తర్వాత ఆపి ఆపి మిసైల్ ఎక్కడ ఎంత వేగంతో ఉందో చూడొచ్చు. వేగం చదివేటప్పుడు అది నిజమైన గాలి వేగమా, మీటరు చూపే వేగమా అన్నది గమనించండి. ఎత్తులో ఈ రెండింటికీ చాలా తేడా ఉంటుంది. మనకు కావలసింది నిజమైన వేగం.

ఎత్తు, తర్వాత వేగం

మొదటి వరసలో మూడు ఎత్తులు: 5 వేలు, 20 వేలు, 40 వేల అడుగులు. మీరూ టార్గెట్టూ ఒకే ఎత్తులో, మీ వేగం ప్రతిసారీ మాక్ 0.9 (ధ్వని వేగానికి 0.9 రెట్లు). ఒక్కో ఎత్తులో మూడేసి షాట్లు. ప్రతి షాట్‌కూ నాలుగు అంకెలు రాయండి: మోటారు ఆగినప్పటి వేగం, అది సగమైన చోటికి దూరం, తగిలినప్పటి వేగం, మొత్తం పట్టిన సెకన్లు. మీ కొలతల్లో సగం దూరం నా లెక్కతో అచ్చంగా కలవదు. ఒక్కో సిమ్ ఒక్కో డ్రాగ్ పట్టిక వాడుతుంది. కానీ ఎత్తుతో రెట్టింపయ్యే తీరు కనబడాలి. కనబడకపోతే మిషన్ సెట్టింగుల్లో ఏదో తప్పు ఉన్నట్టే. మా సంఖ్యలు ఇక్కడ రాయడం లేదు. వెర్షన్ మారితే అవి మారతాయి, మీవి మీరు కొలుచుకోవడమే ఈ పని అసలు ఉద్దేశం.

రెండో వరసలో ఎత్తు 40 వేల దగ్గరే ఉంచి మీ వేగం మార్చండి: మాక్ 0.85, మాక్ 1.35. ఆ ఎత్తులో ఇవి సెకనుకు 250, 400 మీటర్లు. మోటారు ఇంకో 800 కలుపుతుందనుకుంటే మిసైల్ 1050, 1200 అందుకుంటుంది. వేగం 500కు పడిపోయేదాకా ఊపుతో పోయే దూరం మన ఊహా మిసైల్‌కు మొదటి సందర్భంలో 38 కి.మీ., రెండో సందర్భంలో 45 కి.మీ. మీరు థ్రాటిల్ ముందుకు తోసి కాస్త ఓపిక పట్టినందుకు 7 కి.మీ. లాభం. మా వాడు మొదట్లో రాడార్‌లో చుక్క కనబడగానే ఏ వేగంలో ఉంటే ఆ వేగంలో వేసేవాడు. ఇప్పుడు ముక్కు పైకెత్తి, ఆఫ్టర్‌బర్నర్ వేసి, ఎత్తూ వేగమూ కూడబెట్టుకున్నాకే బటన్ ముట్టుకుంటున్నాడు.

టార్గెట్ ఎటు పోతోందన్నదే అసలు కథ

ఈ భాగం నిదానంగా చదవండి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఒక షాట్‌లో మిసైల్ 50 సెకన్లలో 45 కి.మీ. పోగలదు అనుకుందాం, ఆ తర్వాత పనికిరాదు. టార్గెట్ వేగం సెకనుకు 300 మీటర్లు, అంటే 50 సెకన్లలో 15 కి.మీ. అది ఎదురుగా వస్తుంటే మీరు 60 కి.మీ. నుంచి వేయొచ్చు. 45 మిసైల్ పోతుంది, 15 శత్రు పైలటే వస్తాడు. వాడు వీపు చూపి పారిపోతుంటే 30 నుంచే వేయాలి. మిసైల్ ఒకటే, ఎత్తు ఒకటే, గాలి ఒకటే. రేంజ్ మాత్రం ఒకచోట డోన్ దాటి పది కిలోమీటర్లు, ఇంకోచోట వెల్దుర్తి.

అసలు యుద్ధంలో టార్గెట్ ఎదురుగా వస్తూ ఉంటుంది, మీరు వేశాక తిరుగుతుంది. అది కూడా లెక్క వేద్దాం. 300 మీటర్ల వేగంలో 5 జీతో (భూమి ఆకర్షణకు ఐదు రెట్ల బలంతో) వెనక్కి తిరగడానికి దాదాపు 20 సెకన్లు పడుతుంది. ఆ 20 సెకన్లలో అది మీ దిశలో ముందుకూ వెనక్కూ జరగనట్టే, పక్కకు మాత్రం మూడున్నర కి.మీ. పైచిలుకు జరుగుతుంది. మీరు వదిలిన క్షణంలోనే అది తిరగడం మొదలుపెడితే మిగతా 30 సెకన్లలో 9 కి.మీ. పారిపోతుంది. అంటే 45 లోంచి 9 తీసేయండి. 36 కి.మీ. లోపల వేస్తేనే తగులుతుంది.

వాడు 15 సెకన్లు ఆలస్యంగా తిరిగాడనుకోండి. మొదటి 15 సెకన్లలో నాలుగున్నర కి.మీ. మనవైపు వచ్చాడు, తర్వాత 20 సెకన్లు తిరిగాడు, చివరి 15 సెకన్లలో నాలుగున్నర పారిపోయాడు. లెక్క సున్నాకు సున్నా. 45 నుంచి వేసినా తగులుతుంది. 15 సెకన్లకు 9 కి.మీ. తేడా. వాడు చేసే ప్రతి సెకను ఆలస్యం మీకు 600 మీటర్లు ఇస్తోంది. ఈ 600 అంకె తెలిసిన రోజు నా ఆట మారిపోయింది. మిసైల్ వదిలినట్టు వాడికి తెలియకుండా ఉంచడం, తెలిసే క్షణాన్ని వెనక్కి జరపడం, అదే నిజమైన రేంజ్ అని అర్థమైంది. ఆమ్‌రామ్ లాంటివాటిని ట్రాక్-వైల్-స్కాన్ మోడ్‌లో (ఆకాశాన్ని వెతుకుతూనే టార్గెట్‌ను గమనించే రాడార్ పద్ధతి) వేస్తే, మిసైల్ తన సొంత రాడార్ వెలిగించేదాకా అవతలివాడి హెచ్చరిక పరికరం లాంచ్ అని అరవదు. స్పారో లాంటి సెమీ-యాక్టివ్ మిసైల్‌కు ఆ సౌకర్యం లేదు. మీ రాడార్ టార్గెట్ మీద గట్టిగా లాక్ అయి ఉండాలి, ఆ లాక్ వాడికి వెంటనే వినబడుతుంది.

దీన్ని పరీక్షించడానికి ఏఐ కన్నా మనిషి మేలు. మేనల్లుడు టార్గెట్, నేను షూటర్. నేను "వదిలినా" అన్న క్షణం నుంచి వాడు లెక్కపెట్టి, మొదటి షాట్‌కు వెంటనే, రెండోదానికి 5 సెకన్లకు, మూడోదానికి 10కి, నాలుగోదానికి 15కి తిరుగుతాడు. దూరం 5 కి.మీ. చొప్పున తగ్గించుకుంటూ ఎక్కడ తగలడం మొదలవుతుందో చూస్తాం. ఒక ఎత్తుకు ఒక సాయంత్రం పట్టింది. అలా వెంటనే తిరిగిన షాట్‌కు వచ్చిన దూరమే "తిరిగి పారిపోయినా తప్పించుకోలేని దూరం". ఎఫ్-16 హెచ్‌యూడీ (పైలట్ కళ్లెదుటి గాజు తెర)లో కుడివైపు కనబడే నిచ్చెన లాంటి గీతలో ఆర్-టీఆర్ అన్నది ఇదే. ఎఫ్/ఏ-18లో ఆర్-ఎన్ఈ గుర్తు కూడా ఇదే అర్థం. పైనుండే ఆర్-ఏరో, ఆర్-మ్యాక్స్ లాంటివి తిన్నగా వచ్చే టార్గెట్‌కు సంబంధించినవి. మన వాళ్లు ఎక్కువమంది షూట్ అన్న అక్షరాలు వెలగగానే వేసేస్తారు. ఆ అక్షరాల కన్నా బాణం గుర్తు ఏ గీత దగ్గర ఉందో చూడటం నేర్చుకోండి.

చివరి ఐదు సెకన్లు

దూరం పోవడం ఒక ఎత్తు, అక్కడికి చేరాక తిరగగలగడం ఇంకో ఎత్తు. సెకనుకు 250 మీటర్ల వేగంలో 9 జీ లాగే విమానం 700 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంది. 800 మీటర్ల వేగంలో 30 జీ లాగే మిసైల్‌కు రెండు కి.మీ. పైనే కావాలి. సెకనుకు తిరిగే కోణం మాత్రం రెండింటికీ 20 డిగ్రీల చుట్టుపక్కలే. అంటే వేగంగా వచ్చే మిసైల్‌కు కూడా అంత జీ ఉంటేనే లెక్క సరిపోతుంది. మిసైల్ నెమ్మదించే కొద్దీ దాని చిన్న రెక్కలు అంత జీ లాగలేవు. లాగిన ప్రతిసారీ డ్రాగ్ పెరిగి ఉన్న వేగమూ పోతుంది. అందుకే టాక్‌వ్యూలో "తగిలినప్పటి వేగం" రాసుకోమన్నాను. తిన్నగా పోయే టార్గెట్‌ను 400 మీటర్ల వేగంతో ముట్టుకున్న షాట్‌ను నేను గెలుపుగా లెక్కపెట్టను. వాడు కాస్త మెలిక తిరిగి ఉంటే అది పోయేది.

దూరం నుంచి వచ్చే మిసైల్‌ను అలసిపోయేలా చేయడానికి చిన్న చిన్న దిశ మార్పులు చాలు. మిసైల్ టార్గెట్ ఇప్పుడున్న చోటికి కాక, ఉండబోయే చోటికి గురిపెట్టి పోతుంది. మీరు 30 డిగ్రీలు పక్కకు జరిగితే ఆ కలిసే చోటు కిలోమీటర్ల కొద్దీ జరుగుతుంది, అది మళ్లీ వంగాలి. రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, కిందికి దిగి దట్టమైన గాలిలోకి లాగితే సగం దూరం 36 నుంచి 17కు, 9కి పడిపోతుంది. మేనల్లుడు దీన్ని నామీదే నేర్చుకున్నాడు, ఇప్పుడు వాణ్ణి కొట్టడం కష్టంగా ఉంది.

ఎత్తుకు ఎగిసి పడే షాట్లు

దూరపు షాట్లలో చాలా మిసైళ్లు ముందు పైకి ఎగుస్తాయి. పల్చటి గాలిలో దూరం పోయి, ఆ ఎత్తును కిందికి దిగుతూ వేగంగా మార్చుకుంటాయి. ఎఫ్-14 మోసిన ఫీనిక్స్ 80 వేల అడుగుల దాకా ఎక్కేది. 1973 నవంబరులో ఒకే ఎఫ్-14 నుంచి 38 సెకన్లలో ఆరు ఫీనిక్స్‌లు వదిలిన పరీక్ష చరిత్రలో నిలిచింది. సిమ్‌లో మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. వదిలేముందు విమానం ముక్కును 15, 20 డిగ్రీలు పైకెత్తండి. మిసైల్ వంగడానికి ఖర్చుపెట్టే శక్తి కొంత మిగులుతుంది. పది డిగ్రీలతో మూడు, ఇరవైతో మూడు, ముప్పైతో మూడు వేసి చూడండి. ఒక స్థాయి దాటాక లాభం ఆగి నష్టం మొదలవుతుంది. అది మిసైల్‌ను బట్టి, దూరాన్ని బట్టి మారుతుంది. దగ్గరి షాట్లకు ఇదంతా అనవసరం.

శక్తి ఉన్నా తప్పేవి

ఇక్కడిదాకా చెప్పింది శక్తి లెక్క. దానికి తోడు చూపు సంగతి ఉంది. రాడార్ మిసైల్‌కు టార్గెట్ అడ్డంగా, అంటే 90 డిగ్రీల్లో పోతుంటే డాప్లర్ తేడా (కదలిక వల్ల రాడార్ తరంగంలో వచ్చే మార్పు) నేల ప్రతిబింబంతో కలిసిపోతుంది, లాక్ జారుతుంది. దీన్నే నాచ్ అంటారు. టార్గెట్ మీకన్నా కింద ఉంటే ఈ ప్రమాదం ఎక్కువ. టార్గెట్ వెనక ఖాళీ ఆకాశం ఉంటే తక్కువ. కొలతలు రాసేటప్పుడు "వేగం ఉంది, లాక్ పోయింది" అన్న షాట్లను వేరే వరసలో పెట్టండి. రెండూ కలిపేస్తే మీ రేంజ్ పట్టిక చెడిపోతుంది.

వియత్నాం యుద్ధంలో 1965–68 మధ్య స్పారో పదింటికి ఒకటి కూడా తగల్లేదు. కారణాలు చాలా. కానీ పైలట్లు పరిధి బయట నుంచి వేయడం, ఆ పరిధి ఎప్పుడెలా మారుతుందో వారికి నేర్పకపోవడం అందులో పెద్దవి. అమెరికా నౌకాదళం దీన్ని తవ్వి ఆల్ట్ నివేదిక తయారుచేసింది. 1969 మార్చిలో మిరమార్‌లో ఫైటర్ పైలట్ల బడి పెట్టింది. మనం ఇంట్లో కూర్చుని టాక్‌వ్యూ ముందు చేసే పని అదే దారిలోది. అందుకే దీన్ని ఆట అని తేలిగ్గా తీసుకోలేను.

వేడిని వెతికే మిసైళ్ల గురించి క్లుప్తంగా: సైడ్‌వైండర్, ఆర్-73లకు పైన చెప్పిన ఎత్తు, వేగం, దిశ లెక్కలన్నీ వర్తిస్తాయి. దూరాలే చిన్నవి. కింది గాలిలో వెనక నుంచి తరుముతూ వేసే షాట్ కొన్ని కిలోమీటర్లే. హెల్మెట్‌తో పక్కకు గురిపెట్టి వేస్తే, మిసైల్ మలుపు తిరగడానికే సగం శక్తి పోతుంది. అది గుర్తుపెట్టుకుంటే చాలు.

పోరాటంలో వాడుకోవడం

మా క్రమం ఇది. రాడార్‌లో టార్గెట్ దొరికేలోపే 35 వేల అడుగుల పైన, మాక్ 1 పైన ఉండాలి. మొదటి షాట్ పై గీతకూ తప్పించుకోలేని గీతకూ మధ్యలో వేస్తాం. అది తగిలితే మంచిదే. దాని అసలు పని వాడిని తిరిగేలా, కిందికి దిగేలా చేయడం. వదిలిన వెంటనే ఎడమకో కుడికో 50 డిగ్రీలు తిరగండి. టార్గెట్ రాడార్ చూపు అంచులో ఉంటుంది, మీరు వాడి వైపు పోయే వేగం 300 నుంచి 190 దగ్గరికి తగ్గుతుంది. 30 సెకన్లలో ఇది మూడు కి.మీ. పైన దూరం మిగులుస్తుంది. మీ మిసైల్ తగిలే క్షణంలో మీకూ వాడికీ ఉన్న దూరాన్ని ఎఫ్-పోల్ అంటారు. అది ఎంత పెద్దదైతే మీరు అంత క్షేమం. మిసైల్ సొంత రాడార్ వెలిగాక మీ అవసరం తీరిపోతుంది. అప్పుడు వీపు తిప్పి దూరంగా పోవాలా, రెండో షాట్‌కు ముందుకు పోవాలా అన్నది మీ పట్టికను బట్టి తేల్చుకోండి. వాడి మిసైల్‌కూ ఇలాంటి పట్టికే ఉంటుంది. అందుకే రష్యా మిసైళ్లు ఆర్-77, ఆర్-27ఈఆర్‌ల కొలతలు కూడా మేం తీసి పెట్టుకున్నాం. వాడి "తప్పించుకోలేని దూరం"లోకి పోకముందే తిరగడం మా గట్టి నియమం.

కొలతలన్నీ అయ్యాక ఒక పోస్టుకార్డంత అట్ట తీసుకోండి. నిలువుగా మూడు ఎత్తులు, అడ్డంగా మూడు గళ్లు: ఎదురుగా, వెంటనే తిరిగితే, వెనక నుంచి. తొమ్మిది అంకెలు. సిమ్ స్క్రీన్‌లో నాటికల్ మైళ్లు కనబడతాయి గనక వాటిలోనే రాయండి. మా వాడు తన అట్ట మీద అంకెల పక్కన ఊళ్ల పేర్లు కూడా రాసుకున్నాడు. ఐదు వేల అడుగుల వరసలో వెనక నుంచి అన్న గడిలో వాడు ఒక్క ఊరి పేరూ రాయలేదు. అక్కడికి కర్నూలు కూడా దాటదు మామా అన్నాడు.

సిమ్‌కు అప్‌డేట్ వచ్చిన రోజు మొత్తం మళ్లీ కొలవక్కర్లేదు. మూడు ఎత్తుల్లో ఒక్కో ఎదురు షాట్ వేసి సగం దూరం చూడండి. పాతదానితో కలిస్తే అట్ట అలాగే ఉంచండి. కలవకపోతే తొమ్మిదీ మళ్లీ కొలవండి. అంకెలు పెన్సిల్‌తోనే రాసుకోండి.